కుడితి ట్యాంకు, ఇంకో ట్యాంకు

ముందే ఒప్పుకుంటే మనసు తేలికవుతుంది. కాలేజీలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ద్రవం పల్లానికి పారుతుంది, ఘనం ఉన్నచోటే ఉంటుంది అని బోర్డు మీద రాసి, కింద గీత గీసి, ఇది పరీక్షలో తప్పకుండా వస్తుందని హెచ్చరించేవాణ్ణి. ఆ ప్రశ్న చివరికి నాకే వచ్చింది. నేనే తప్పాను. అదీ మామూలుగా కాదు, అత్తవారి బంధువర్గం అంతటి ముందూ, ముక్కులు మూసుకునేలా తప్పాను.

సంగతి ఒక బస్సుది. పెద్ద బస్సేమీ కాదు. ఎవరో బడి పిల్లల్ని మోసి మోసి అలిసిపోయాక అమ్మేసిన మినీ బస్సు. తొంభైల చివర్లో దాన్ని కొని, సగం సీట్లు పీకించి, లోపల రెండు పడక బల్లలు, ఒక గ్యాస్ పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, వెనక మూలన తలుపున్న ఒక చిన్న గది పెట్టించాను. మా కథకంతా మూలం ఆ మూల గదే. అనంతపురంలో మా వీధివాళ్లకు ఇది చాలాకాలం అర్థం కాలేదు. సినిమా షూటింగుకు అద్దెకిస్తాడని కొందరు, ఎలక్షన్లలో నిలబడతాడని కొందరు అనుకున్నారు. నిజం చెబితే ఎవరూ నమ్మరని నేనూ నోరు మెదపలేదు. ఆ బస్సు మా ఆవిడ నీళ్లు తాగడం కోసం.

మా ఆవిడ ఇంట్లో నీళ్లు బాగానే తాగేది. ప్రయాణం అనగానే ముందురోజు సాయంత్రం నుంచే మానేసేది. వాళ్ల పుట్టిల్లు పామిడి దగ్గర, పెన్న ఒడ్డున. ఒడ్డునే ఉన్నా పెన్నలో ఇసుక తప్ప ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంకేమీ కనబడదు. ఆమె అన్న, అంటే మా బావ, భూములున్న మనిషి. మండలంలో నలుగురూ ఆయన మాట వింటారు. వినకపోతే ఇంకొంచెం గట్టిగా చెబుతాడు. పెళ్లికో, పురుడుకో, చావుకో ఇంటిల్లిపాదీ బయలుదేరేటప్పుడు జీపు పక్కన నిలబడి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, టైర్లలో గాలి చూసినంత బాధ్యతగా ఒక మాట ప్రకటించేవాడు.

"ఆడోళ్లు నీళ్లు తాగొద్దండి. దారిలో ఆపేది లేదు."

అందులో ఆయనకు చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండేది కాదు. వాళ్ల నాయన కూడా ఎద్దులబండి పక్కన నిలబడి ఇదే మాట చెప్పేవాడట. మా నేల సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట ఎందుకు పుట్టిందో కూడా తెలుసు. గుత్తి దాటి ఏ దిక్కుకు పోయినా కనుచూపు మేర ఎర్రమట్టి, వేరుశనగ చేలు, గుండ్రాళ్లు. చాటుకు ఒక పొద దొరకదు. మగవాళ్లకు మైలురాయి చాలు. ఆడవాళ్లకు ఆ మాత్రం మరుగు కూడా లేని దారిలో మరుగుదొడ్డి మాట ఎవరెత్తుతారు? కాబట్టి పెదవులు ఎండగట్టుకుని, తలనొప్పిని కొంగుతో కట్టేసుకుని కూర్చునేవాళ్లు. సత్రం చేరాక గానీ గొంతు తడిసేది కాదు.

అలా ఏళ్లు గడిచాక మా ఆవిడకు మూత్రపిండంలో రాళ్లు పడ్డాయి. రాళ్ల జిల్లా కదా, దానికెందుకు మినహాయింపు అని నేను వేళాకోళం ఆడాను గానీ, నొప్పితో ఆమె గోడకు తల ఆనించుకున్న తీరు చూశాక ఆ మాట ఇంకెప్పుడూ అనలేదు. డాక్టరు ఒకటే చెప్పాడు. నీళ్లు తాగాలి, ఎండలో ప్రయాణమైతే ఇంకా తాగాలి. అలాగేనని తలూపింది. ఆ తర్వాత పెళ్లికి నేనే బాటిల్ నింపి చేతికిచ్చాను. ఆ బాటిల్ నిండుగా పోయి నిండుగా తిరిగొచ్చింది. ఆ తర్వాతి ప్రయాణంలోనూ అంతే. మా ఇంట్లో నాకంటే ఎక్కువ ఊళ్లు తిరిగినవి ఆ బాటిల్‌లో నీళ్లే.

అట్లాంటి రోజుల్లో పుట్టపర్తి పోతూ ఒక విదేశీ జంట వ్యాను టైరు మా వీధి చివర పంక్చరైంది. వాళ్లాయన జాకీ పెట్టుకుంటుంటే, ఆమె మా ఆవిడను లోపలికి పిలిచి వ్యాను అంతా చూపించింది. పడక, పొయ్యి, చివర్లో అగ్గిపెట్టెంత గది. మా ఆవిడ కిందికి దిగి ఆ వ్యాను వైపే చూస్తూ నిలబడింది. వ్యాను వెళ్లిపోయాక మెల్లగా అంది.

"ఆయమ్మ దారిలో ఎన్ని నీళ్లన్నా తాగొచ్చు గదా."

అంతే. అసూయ కూడా కాదు, వానొచ్చిందట అని పక్క ఊరి సంగతి చెప్పినట్టు చెప్పింది. మరుసటి నెలలో నేను బస్సు కొన్నాను.

బస్సు పని లారీలకు బాడీ కట్టే మేస్త్రికి అప్పగించాను. మాటల్లో నన్ను మించిన హాస్యగాడు, పనిలో మాత్రం గంభీరమైన మనిషి. నీళ్ల ట్యాంకర్లు ఎన్నో చేశాడు. ట్యాంకు అనగానే సంతోషించాడు. అయితే ఇది నీళ్లు తెచ్చేది కాదు, వాడిన నీళ్లు దాచేది అని చెప్పేసరికి సుత్తి కింద పెట్టాడు.

"మురికిని ఎత్తుకోని తిరిగేది ఏంది సార్? దించేదానికి భూమి లేదా ఈడ?"

భూమి చాలా ఉంది, అది మన బాబు సొత్తు కాదు, ఎవరి చేలోనో ఎవరి ఊరి ముందో వదిలేసి పోతే ఆ వ్యానామె ముందు మన పరువేం కాను అని నచ్చజెప్పాను. చివరికి బస్సు కింద రెండు రేకు ట్యాంకులు బిగించాడు. గిన్నెలు, చేతులు కడిగిన నీళ్లు ఒకదాంట్లోకి. చిన్న గది సరంజామా రెండోదాంట్లోకి. ఒక్కొక్కదానికి కింద ఒక వాల్వు, తగిలించుకునేందుకు చేయంత లావు పైపు. గుత్తి రోడ్డులో మాకున్న మెట్టచేను గట్టున లోతుగా గుంత తవ్వించి, మీద తాడిపత్రి బండలు పరిపించాను. ట్యాంకు దించుకునేది అక్కడే. మొదటి ట్యాంకుకు మా ఆవిడ కుడితి ట్యాంకు అని పేరు పెట్టింది. రెండోదానికి పేరు పెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. 'ఇంకో ట్యాంకు' అనేవాళ్లం, కాస్త గొంతు తగ్గించి.

ఇక నా తెలివి చూడండి.

అవి వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లు. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియక వీధి వీధంతా బిందెలు వరుసలో పెట్టుకుని వాటి పక్కనే కాపురం చేస్తున్నట్టుండేది. 'మంచినీళ్ల ప్రాయం' అనే మాట కచ్చితంగా మా జిల్లాలో పుట్టి ఉండదు. ఇక్కడ మంచినీళ్లు అంత తేలిగ్గా ఎప్పుడు దొరికాయి? ఆ నేలమీద పుట్టినవాణ్ణి, నీళ్లు ఒలికితే గుండె ఒలికినట్టుంటుంది. కాబట్టి బస్సులో ఒక చట్టం చేశాను. చిన్న గదికి వెళ్లిన మనిషికి ఒకే ఒక చెంబు. అంతకు మించి పోస్తే పాపం. కుడితి ట్యాంకు నీళ్లయితే ఊరికే పారబోయడమా? ఊరినుంచి వచ్చీ రాగానే మా వీధిలో నాటిన కానుగ మొక్కలకు పైపు పెట్టి వదిలేవాణ్ణి. దాంతో వీధిలో నాకు మంచి పేరు కూడా వచ్చింది. వాసన వస్తుందేమోనన్న భయంతో ఇంకో ట్యాంకును మాత్రం నిండనిచ్చేవాణ్ణి కాదు. ఒక్క ప్రయాణం చేసినా సరే, నేరుగా చేను గట్టుకు పోయి వాల్వు తెరిచేవాణ్ణి. సన్నగా ఏదో పారేది. శుభ్రమైపోయిందని సంతోషంగా ఇంటికొచ్చేవాణ్ణి.

పారింది ద్రవం. ఘనం ఉన్నచోటే ఉంది. బోర్డు మీద గీత గీసి మరీ చెప్పినవాణ్ణి.

ఎండాకాలం మధ్యలో బావ కూతురి నిశ్చితార్థం వచ్చింది. పిల్లగాడి ఊరు కర్నూలు దాటాక. మగవాళ్లు బావ జీపులో, ఆడవాళ్లు మా బస్సులో. బయలుదేరేముందు బావ అలవాటు కొద్దీ ఆ మాట మొదలుపెట్టాడు. ఆడోళ్లు నీళ్లు, అని ఇంకా పూర్తి చెయ్యకముందే మా ఆవిడ బస్సు మెట్టు మీద నుంచి, ఈ బస్సులో తాగొచ్చన్నా, అంది. నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్న గర్వం నాది కూడా అనుకుని నేను ఇంజను స్టార్టు చేశాను.

అందరూ తాగారు. మా అత్త తాగింది, వదిన తాగింది, చిన్నమ్మలు, పిన్నమ్మలు అందరూ తాగారు. ముంతలు చేతులు మారుతుంటే బస్సు లోపల పెళ్లివారి పందిరిలా ఉంది. ప్రయాణంలో మా ఆవిడ గొంతులో నీళ్లు దిగడం నేను అద్దంలో అదే మొదటిసారి చూడటం. స్టీరింగు పట్టుకున్నవాణ్ణి కాకపోతే చేతులెత్తి మొక్కేవాణ్ణి.

సగం దారిలో వెనకనుంచి మా వదిన కేక వేయలేదు, ఉష్ అని మా ఆవిడను పిలిచింది. తర్వాత మా ఆవిడ వచ్చి నా చెవిలో, అది దిగడం లేదు, పైకి వస్తాంది, అంది. నిన్ననే కదా దించాను, ఎట్లా నిండుతుంది అని నేను వాదించాను. ట్యాంకు నాతో వాదించలేదు, నిదర్శనం చూపించింది. కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ముందు పోతున్న జీపుకు ఆ సంగతి గాలి ద్వారానే అందిందేమో, బావ జీపు ఆపాడు.

రెండు పక్కలా దున్నిన చేలు. చెట్టు లేదు, గోడ లేదు. నీళ్లు తాగమన్నది నేనే, తాగినవాళ్లు వాళ్లు. చివరికి దూరంగా చేలో ఏరిపోసిన రాళ్లగుట్ట ఒకటి కనబడితే, పట్టుచీరలు ఎత్తిపట్టుకుని అందరూ ఎర్రటి ఎండలో అంత దూరం నడిచారు. ఇద్దరు దుప్పటి అడ్డంగా పట్టుకుంటే ఒక్కొక్కరే. జీపులో మగవాళ్లు అటు చూడకుండా ఉండడానికి పడ్డ తంటాలు ఇంకో గోల. అందరూ ఆకాశంలో లేని మేఘాల గురించి గట్టిగా మాట్లాడుకున్నారు. మా అత్త మోకాళ్లు పట్టుకుని అందరికంటే చివర్న తిరిగొచ్చింది. నా వైపు చూడకుండానే బస్సెక్కింది. తిట్టినా బాగుండేది.

నిశ్చితార్థం భోజనాల దగ్గర ఎవరో బస్సు ఎట్లుందని అడిగారు. నేను నీళ్లు నమిలాను. పక్కన కూర్చున్న బావ విస్తరి లోంచి తలెత్తాడు.

"మనమంతా ఆస్తి వెనకేసుకుంటాం. మా బావ దొడ్డి వెనకేసుకున్న్యాడు. దాన్ని ఊరూరా తిప్పుతాండాడు."

పంక్తి అంతా నవ్వింది. అంత మంచి మాట నాకు తట్టనందుకు నాకు రెండింతలు బాధేసింది. బావ అక్కడితో ఆగలేదు. కోళ్లు తోలుకునేవాడు ఒకడున్నాడని, బస్సు అమ్మితే కొంటాడని, కోళ్లకైతే ఈ బాధ లేదని కూడా చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ బాటిల్ తీసింది. ఒక గుక్క తాగబోయి ఆగింది. మూత తిప్పి సంచిలో పెట్టేసింది. ఆ మూత కిర్రుమన్న చప్పుడు నాకు బస్సు ఇంజను చప్పుడుకంటే పెద్దగా వినబడింది. బావ మాటకు నాకు చిన్నతనమే అయింది. ఆ చప్పుడుకు మాత్రం పూర్తిగా నీరుగారిపోయాను.

ఇంటికొచ్చాక ట్యాంకులో ఫినాయిలు పోశాను. అంతదాకా ఒకటే వాసన, అప్పట్నుంచి రెండు. మేస్త్రి వచ్చి బస్సు కింద దూరి సుత్తితో ట్యాంకును తట్టాడు. కుడితి ట్యాంకును తట్టి, ఇంకోదాన్ని తట్టి, రెండూ విన్నారా అన్నట్టు నా వైపు చూశాడు.

"నీళ్లుంటే డబడబ అంటాది సార్. ఇది గుండు మాదిరి అంటాంది. కోసి పారేద్దామా?"

ట్యాంకు తీసేస్తే చిన్న గది ఉండీ లేనట్టే. చిన్న గది లేకపోతే అది ఉత్త బస్సు. ఉత్త బస్సయితే కోళ్లవాడికి ఇచ్చినా ఒకటే. ఇదంతా లెక్క వేసుకుని సరే అనబోయాను. మేస్త్రి కట్టరు తీసుకురావడానికి లేచాడు కూడా.

అప్పుడు మా ఆవిడ పెరట్లో సంగటి గిన్నె కడుగుతోంది. పొద్దున సంగటి కాస్త మాడింది. గిన్నె అడుగున పొరకట్టి అంటుకుపోయింది. ఆమె దాన్ని గోకడం లేదు. నీళ్లు పోసి పక్కన పెట్టి, వేరే గిన్నెలు తోముకుంటోంది. మా మాటలన్నీ విన్నట్టుంది. తలెత్తకుండానే అంది.

"సంగటి గిన్నెను ఎండబెట్టి కోస్తారా ఎవరన్నా? నానబెట్టాల గాని."

నేను, మేస్త్రి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తర్వాత ఇద్దరం ఆ గిన్నె వైపు చూశాం. నానబెట్టడానికి ఒకటి రెండు చెంబులు చాలవు, బిందెలకు బిందెలు కావాలి. వీధిలో మంచినీళ్లకు కొట్లాటలు జరుగుతున్న రోజుల్లో ఆ ట్యాంకులో బిందెలు బిందెలు పోస్తే వీధివాళ్లు నన్ను అందులోనే నానబెడతారు. ఆ మాటే అన్నాను. ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"మంచినీళ్లు ఎవరు పొయ్యమన్న్యారు? కుడితి ఉండాది గదా."

ఇంత సులువైన మాట. నేను కుడితి ట్యాంకును మొక్కలకు ధారపోసి, ఇంకో ట్యాంకును ఎండగట్టాను. పొదుపు చెయ్యాల్సినచోట దానం, దానం చెయ్యాల్సినచోట పొదుపు. అప్పట్నుంచి ఇంట్లో నీళ్ల చుక్క బయటికి పోలేదు. బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు, స్నానాల నీళ్లు అన్నీ డ్రమ్ములోకి. కానుగ మొక్కలు కొన్నాళ్లు మా కోసం ఉపవాసం ఉన్నాయి. వీధిలో నా మంచిపేరూ వాటితోపాటే వాడింది. పక్కింటాయన, ఏమప్పా సారూ, చెట్ల మీద అలిగినావా అని అడిగాడు. చెప్పుకునే సంగతా?

డ్రమ్ము నీళ్లు కాసిన్ని కుడితి ట్యాంకులో, మిగతావన్నీ ఇంకో ట్యాంకులో పోసి, వాల్వు గట్టిగా బిగించి, ఒక ఆదివారం పొద్దున మేమిద్దరమే బయలుదేరాం. ఎక్కడికీ పని లేదు. గుత్తి దాకా పోయి రావడం, అంతే. ఆ రోజుల్లో ఆ రోడ్డు గుంతలు తెలిసినవాళ్లకు తెలుసు. మామూలుగా నేను ఒక్కో గుంతను ప్రదక్షిణ చేసి పోయేవాణ్ణి. ఆరోజు మా ఆవిడ పక్కన కూర్చుని, ఆ గుంతలోకి పోనీ, ఇదిగో ఈ పెద్దది, అని చూపిస్తోంది. బస్సు కింద మొదట ఏమీ వినబడలేదు. గుత్తి కోట కొండ కనబడే వేళకు అడుగున ఏదో బరువుగా కదిలినట్టయింది. తిరుగు దారిలో మేస్త్రి చెప్పిన చప్పుడు వినిపించడం మొదలైంది. డబడబ, డబడబ. అంత సంగీతం నేను ఏ కచేరీలోనూ వినలేదు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చేను గట్టున వాల్వు తెరిచినప్పుడు జరిగింది నేను వర్ణించను. ట్యాంకు ఖాళీ అయింది. పైపు కడగడానికి కుడితి ట్యాంకు వాల్వు తర్వాత తెరిచాను. ఆ నీళ్లు పైపును కడుక్కుంటూ పోయాయి. ముందు ఇంకో ట్యాంకు, వెనక కుడితి ట్యాంకు. ఈ వరస ఇన్నాళ్లూ నేను తలకిందులు చేశాను. ట్యాంకు అడుగున సుత్తితో తట్టి చూశాను. గంటలా మోగింది. ర్యాంకు వచ్చిన పిల్లవాడి లాగా ఆ గట్టు మీద నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు, ఉన్నా దగ్గరికి వచ్చేవాళ్లు కారు. మా ఆవిడ మాత్రం ముక్కుకు కొంగు పెట్టుకుని దూరంనుంచి, చాల్లే దిగు, అంది.

ఆ తర్వాత బస్సుకు కొత్త చట్టం. చిన్న గదిలో ఒక డ్రమ్ము, అందులో ఇంట్లో పోగేసిన కుడితి నీళ్లు. బయలుదేరే ముందే ఖాళీ ట్యాంకులో కొన్ని బక్కెట్లు పోయాలి. వెళ్లినవాళ్లు ముందు అర బక్కెట్టు, తర్వాత నిండు బక్కెట్టు. ట్యాంకు బాగా నిండేదాకా వాల్వు ముట్టకూడదు. ఇంటి నీళ్లు ఒకసారి గిన్నెలకు, రెండోసారి ట్యాంకుకు పనికొచ్చేవి. మూడోసారి చేను గట్టు మీద ఏ గడ్డికో. ఒక్క చుక్క మంచినీరు అదనంగా వాడకుండా మా కరువు నేల మీద ఒక దొడ్డిని చక్రాల మీద నడిపామని ఇప్పటికీ నాకు గర్వమే. కానుగ మొక్కలకు కూడా మళ్లీ వాటా దొరికింది. అవి ఇప్పుడు వీధికి నీడ.

అయితే మా ఆవిడ వెంటనే నమ్మలేదు. రెండు ప్రయాణాలు బాటిల్ మళ్లీ నిండుగానే తిరిగొచ్చింది. మూడోసారి తాడిపత్రి దాటాక నా భుజం తట్టి చేతిలో ఏదో పెట్టింది. ఖాళీ బాటిల్. టీ కొట్టు దగ్గర ఆపి నింపుకుని రమ్మంది. బతుకులో నాకు శాలువాలు కప్పినవాళ్లు ఉన్నారు, పూలదండలు వేసినవాళ్లున్నారు. ఆ ఖాళీ బాటిల్‌తో సమానమైన సన్మానం నాకు జరగలేదు. రాళ్లు మళ్లీ రాలేదు. మా అత్త కూడా మోకాళ్లు పట్టుకుని మా బస్సే ఎక్కేది. మెల్లగా ఆ ఇంటి ఆడవాళ్లందరూ మా వైపుకు మారిపోయారు. ఎలక్షన్లలో బావ పార్టీ నుంచి కూడా అంతమంది ఎప్పుడూ మారి ఉండరు.

బావ మాత్రం జీపులోనే. ఎక్కడ కనబడినా, ఏం బావా, వెనకేసుకున్నది ఎట్లుండాది, అని పలకరింపు. సభల్లో, పెళ్లిళ్లలో, ఒకసారి ఎస్పీ ఆఫీసు ముందు కూడా అడిగాడు. నేను నవ్వేసేవాణ్ణి. సమయం రాలేదు.

కొన్నేళ్లకు వచ్చింది. వానలు కాస్త మొహం చూపించిన ఏడాది, శ్రావణమాసం. బళ్లారి దగ్గర పెళ్లి. జీపులో తోడు వచ్చేవాళ్లు లేక, ఒక్కడే పోవడానికి మనసొప్పక, బావ చివరికి మా బస్సెక్కాడు. ఆ మధ్య ఆయనకు కూడా రాళ్లు పడ్డాయని, డాక్టరు మా ఆవిడకు చెప్పిన మాటే ఆయనకూ చెప్పాడని అందరికీ తెలుసు. పెద్ద బాటిల్ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. ముందు సీట్లో నా పక్కన కూర్చుని, గుక్క గుక్కకూ రాజకీయాలు చెబుతూ, సగం దారికి బాటిల్ ఖాళీ చేశాడు. తర్వాత రాజకీయాలు తగ్గాయి. తర్వాత మాటలే తగ్గాయి. కాలు మీద కాలు వేసుకున్నాడు, తీశాడు, మళ్లీ వేసుకున్నాడు. రోడ్డుకు రెండు వైపులా వేరుశనగ చేలల్లో ఆడవాళ్లు బారులు తీరి కలుపు తీస్తున్నారు. మైలురాళ్లు చాలా ఉన్నాయి. వాటి పక్కన నిలబడే వీలు మాత్రం లేదు.

"ఏమప్పా, యాడన్నా కొంచెం నిలుపు."

నేను అద్దంలోకి చూశాను. వెనక అందరూ వింటున్నారు. మా ఆవిడ నీళ్ల బాటిల్ చేతిలో పట్టుకుని ఉంది. తొందరేమీ లేకుండా ఒక గుక్క తాగి, మూత పెట్టి, అప్పుడు చెప్పింది.

"దారిలో ఆపేది లేదన్నా."

మా అత్త, కన్నతల్లి కదా, ముందుగా నవ్వింది. దాంతో చిన్నమ్మలు, పిన్నమ్మలు, బావ పెళ్లాం, నిశ్చితార్థంనాడు దుప్పటి పట్టుకున్న ఇద్దరూ, అందరూ నవ్వారు. బావ మొహం ఎర్రమట్టి రంగుకు వచ్చింది. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది గానీ, నవ్వే పరిస్థితిలో లేడు. మా ఆవిడకు పుట్టింటి మీద ప్రేమ ఎక్కువ. లేచి చిన్న గది తలుపు తెరిచి పట్టుకుంది.

"ముందు అర బక్కెట్టు, అయినాక నిండు బక్కెట్టు. మర్చిపోవద్దన్నా."

బావ సీట్లు పట్టుకుంటూ వెనక్కి నడిచాడు. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు విన్నాను. ముందు రోడ్డు మీద బళ్లారి లారీలు తవ్విపెట్టిన గుంతలు వరసగా కనబడ్డాయి, చిన్నవి, పెద్దవి, ఒకటి మాత్రం బాన అంత. నా పక్కన ఇప్పుడు ఎవరూ లేరు, ఏది ఎంచుకోవాలో చెప్పడానికి. అక్కర్లేదు కూడా. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, దారిలో ఒక్క గుంతను కూడా తప్పించకుండా నడిపాను.